ఎవరో ఒకరు ఓడేదాకా

వీడియో గేముల్లో బాస్ అంటే ఒక అంచె చివర గానీ కథ చివర గానీ దారి కాచి నిలబడే బలమైన ప్రత్యర్థి. అంతవరకూ ఆడేవారు నేర్చుకున్నదంతా ఒక్కచోట పరీక్షకు నిలిచే ఆ పోరాటం కోసం ప్రత్యేకంగా కూర్చేదే బాస్ యుద్ధ సంగీతం. హోరెత్తే డ్రమ్ములు, బృందగానం, వేగం, రౌద్రం దాని లక్షణాలని పైపైన వినేవారు అనుకోవడం సహజమే కానీ, అవన్నీ సినిమాలో ప్రతినాయకుడు అడుగు పెట్టే ఘట్టానికి కూర్చే నేపథ్య సంగీతంలోనూ ఉంటాయి. అసలు భేదం మరొకచోట ఉంది. సినిమాకు రీరికార్డింగ్ చేసే సంగీత దర్శకుడి ఎదుట ఎడిటింగ్ పూర్తయిన దృశ్యం ఉంటుంది గనక, కత్తి ఏ క్షణాన లేస్తుందో, ఏ క్షణాన దిగుతుందో సెకన్లతో సహా అతనికి తెలుసు. బాస్ యుద్ధానికి సంగీతం కూర్చే స్వరకర్తకు మాత్రం ఆ పోరాటం రెండు నిమిషాల్లో తేలుతుందో ఇరవై నిమిషాలు సాగుతుందో, ఆడేవారు గెలుస్తారో మొదటి దెబ్బకే పడిపోతారో, పడినవారు మళ్లీ లేచి ఎన్నిసార్లు తిరిగి వస్తారో తెలియదు. తన రచన ఎంతసేపు వినిపించాలో తాను నిర్ణయించలేని ఈ స్థితి నుంచే ఈ సంగీతంలోని పనితనమంతా పుట్టింది. రౌద్రం దాని పైపూత.

నిడివిని ముందుగా బిగించని సంగీతం తెలుగువారికి కొత్తదేమీ కాదు. కూచిపూడి భాగవతంలో పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే ప్రవేశ దరువు, అంటే వచ్చేది ఎవరో, ఎటువంటి స్వభావం గలవారో చెబుతూ నృత్యానికి అనువుగా సాగే పాట, ఆ పూట ఆడేవారి అభినయాన్ని బట్టి పెరగగలదు, తరగగలదు. అయితే అక్కడ నట్టువాంగం పట్టినవారూ మృదంగం వాయించేవారూ పాదాల కదలికను కళ్లారా చూస్తూ తాము ఎప్పుడు సాగదీయాలో ఎప్పుడు ముక్తాయించాలో అప్పటికప్పుడు తేల్చుకుంటారు. గేమ్ స్వరకర్తకు ఆ వెసులుబాటు లేదు. పోరాటం జరిగే వేళకు అతడు అక్కడ ఉండడు. చూడవలసినవాటిని ముందే ఊహించి, చేయవలసిన నిర్ణయాలను ముందే రాసిపెట్టి, వాటి అమలును యంత్రానికి అప్పగించి తన దారిన తాను వెళ్లిపోతాడు.

ఆట తీరును బట్టి సంగీతం మారాలన్న ఆలోచన బాస్ యుద్ధాలకు సొంత సంగీతం ఏర్పడక ముందే కనిపిస్తుంది. 1978లో జపానుకు చెందిన తైతో సంస్థ కోసం తొమొహిరో నిషికాదో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో సంగీతం అనదగింది మంద్ర స్థాయిలో మెట్టు మెట్టుగా కిందికి దిగే నాలుగు స్వరాలు మాత్రమే. తెర మీద శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి నడక వేగం పుంజుకుంటుంది, దానితో పాటే ఆ నాలుగు స్వరాల నడకా హెచ్చుతుంది. అంటే ఎంత బాగా ఆడితే ఆట అంతగా కంగారు పెడుతుంది. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె దడ పెరగాలన్న ఈ సూత్రమే తరువాతి కాలపు బాస్ సంగీతంలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. నాలుగు స్వరాలతో అంత పని జరిగిందన్న సంగతి, నిండు వాద్యబృందాలను నమ్ముకునే నేటి స్వరకర్తలు అప్పుడప్పుడు తలచుకోదగినది.

1983లో నింటెండో జపానులో విడుదల చేసిన ఫామికాం యంత్రానికి ఐదు ధ్వని మార్గాలు ఉండేవి: సాధారణంగా వరుసను పలికించే రెండు, మంద్ర స్వరాలకు ఒకటి, డ్రమ్ముల పని చేసిపెట్టే గరగర శబ్దానికి ఒకటి, ముందే రికార్డు చేసిన చిన్న ధ్వని తునకలకు మరొకటి. చిక్కు ఎక్కడంటే, కత్తి దెబ్బకూ పేలుడుకూ కావలసిన శబ్దాలు కూడా ఈ మార్గాల నుంచే రావాలి. పోరాటం ముమ్మరమైన వేళ ఒక దెబ్బ శబ్దం పలికిందంటే, అది పలికినంతసేపూ ఒక వాద్యం నోరు మూసుకుంటుంది. సంగీతం ఎక్కువగా కావలసిన చోటే దానికి గొంతు తక్కువన్నమాట. అందువల్ల ఆనాటి స్వరకర్తలు ఏ ఒక్క గొంతు మాయమైనా తక్కినవాటి ఆసరాతో వరుస నిలిచేటట్టు, తీగ మీద వేళ్లు పరుగెత్తినట్టు స్వరాలను వేగంగా విడదీసి పలికించి ఒకే మార్గంలో మూడు స్వరాల సమూహం వినిపిస్తున్న భ్రమ కలిగేటట్టు రాయడం నేర్చుకున్నారు. యంత్రాల శక్తి ఎన్నో రెట్లు పెరిగిన తరువాత కూడా ఈ సమస్య రూపం మార్చుకుని మిగిలే ఉంది. శత్రువు కత్తి దూసే చప్పుడు విని పక్కకు తప్పుకునే ఆటల్లో సంగీతం ఆ చప్పుడును మింగకూడదు. కాబట్టి ఎంత ఘనమైన వాద్యబృందం వాయిస్తున్నా ఆ శబ్దాలు పలికే స్థాయిలో చోటు ఖాళీగా ఉంచాలి, లేదా అవి వచ్చినప్పుడు సంగీతం తనంతట తాను ఒక మెట్టు తగ్గేటట్టు ఏర్పాటు చేయాలి.

నిడివి తెలియనప్పుడు తోచే మొదటి ఉపాయం లూప్, అంటే చివరి స్వరం నుంచి మొదటి స్వరానికి అతుకు తెలియకుండా తిరిగి వచ్చే రచన. వినడానికి ఇది సులువైన ఉపాయంగానే తోస్తుంది గానీ, పాశ్చాత్య సంగీతపు అలవాట్లలో చాలా భాగం దీనికి అడ్డం వస్తాయి. స్వరం ఎక్కడెక్కడో తిరిగి ఇంటికి చేరినట్టు స్థిరపడే ముగింపు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది వినిపించిన మరుక్షణం పోరాటం కూడా ముగిసినట్టు తోస్తుంది. మరీ స్థిరపడకపోయినా చెవి అలసిపోతుంది. కొందరు లెక్కనే బెసికిస్తారు. గుస్తావ్ హోల్స్ట్ 1914లో మొదలుపెట్టిన గ్రహాల వాద్యరచనలో యుద్ధదేవతను పలికించే మార్స్ భాగం మన ఖండ చాపును తలపించే ఐదు లెక్కల మీద నడుస్తుంది. నాలుగు లెక్కలకు అలవాటు పడిన చెవి ప్రతి చుట్టులోనూ అడుగు తడబడినట్టు ఉలిక్కిపడుతుంది. సినిమాల యుద్ధ సంగీతం మీద ఆ రచన ప్రభావం ఎంత ఉందో, ఐదు, ఏడు వంటి బేసి లెక్కలను ఆశ్రయించే బాస్ సంగీతం మీదా అంత ఉంది. ఎన్ని చుట్లు తిరిగినా కాలు పూర్తిగా కుదురుకోనివ్వని లెక్క లూప్‌కు చక్కగా నప్పుతుంది.

లూప్ తెచ్చిపెట్టిన మరొక విచిత్రాన్ని విమర్శకులు అంతగా పట్టించుకున్నట్టు కనిపించదు. ఒక కృతినో సింఫనీనో వినేవారు దాని మొదలునూ చివరనూ ఇంచుమించు సమానంగా వింటారు. బాస్ సంగీతంలో అటువంటి సమానత్వం ఉండదు. ఓడిన ప్రతిసారీ పోరాటం మొదటి నుంచి మొదలవుతుంది గనక, రచనలోని తొలి పది సెకన్లు పదే పదే వినిపించి ఒంట బట్టుతాయి, మధ్యభాగం కొంత తక్కువగా వినిపిస్తుంది, శత్రువు ప్రాణం మీదికి వచ్చినప్పుడు పలికే చివరి భాగం కొందరి చెవిన ఒక్కసారే పడుతుంది, కొందరి చెవిన అసలు పడదు. కాబట్టి స్వరకర్త తన ఉత్తమమైన ఊహను ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు. మొదట్లో పెడితే అది అతి పరిచయంతో అరిగిపోతుంది, చివర పెడితే వినేవారే అరుదు.

ఈ ప్రశ్నకు నొబువో ఉయెమత్సు ఇచ్చిన సమాధానం ఇప్పటికీ సాహసంగానే కనిపిస్తుంది. సంగీతంలో పాఠశాల శిక్షణ లేకుండా సొంతంగా నేర్చుకుని, రాక్ సంగీతంలో సుదీర్ఘమైన, మలుపులు గల రచనలు చేసే ప్రోగ్రెసివ్ రాక్ అనే శాఖను ప్రేమించిన ఈ జపాను స్వరకర్త, 1994లో సూపర్ ఫామికాం యంత్రం మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఆరవ ఆట చివరి యుద్ధానికి డాన్సింగ్ మ్యాడ్ అనే రచన చేశాడు. ఆ యంత్రంలో ధ్వని కోసం ఉన్న స్మృతి 64 కిలోబైట్లు, ఒకేసారి పలకగల గొంతులు ఎనిమిది. వాద్యాల నమూనాలూ స్వరలిపీ అన్నీ అందులోనే ఇమడాలి. అంత ఇరుకులో అతడు నాలుగు భాగాల రచనను ఇమిడ్చాడు, ఆల్బంలో అది దాదాపు 17 నిమిషాలు నడుస్తుంది. కథలో రాజాస్థానపు విదూషకుడిలా వెకిలిగా నవ్వుతూ ప్రవేశించిన కెఫ్కా అనే మాంత్రికుడు చివరికి లోకాన్ని ధ్వంసం చేసి దేవుడి పీఠం ఎక్కి కూర్చుంటాడు. అతణ్ణి చేరాలంటే ఒకదానిపై ఒకటిగా లేచిన మూడు అంతస్తుల వికృత రూపాలను కూల్చి పైకి వెళ్లాలి. ఒక్కొక్క అంతస్తుకూ సంగీతంలో ఒక్కొక్క భాగం. ఎదుట ఉన్నది కూలేదాకా ఆ భాగం తనలో తాను తిరుగుతూ ఉంటుంది, కూలగానే తరువాతిది అందుకుంటుంది. చర్చిలో వినిపించే పైపు ఆర్గాన్ స్వరాలూ బృందగానపు ఛాయలూ ముందు దైవత్వపు ఆడంబరాన్ని పలుకుతాయి, తీరా నాలుగో భాగంలో కెఫ్కా తానే ఎదురైనప్పుడు రాక్ వేగం మధ్య నుంచి అతని పాత విదూషక వరుస తల ఎత్తుతుంది. దేవుడి వేషం కింద ఉన్నది ఎవరో మాటలతో చెప్పవలసిన పని లేకుండా పోయింది.

ఇందులో ఒక వ్యంగ్యం ఉంది. చేయి తిరిగినవారు మొదటి అంతస్తును ఎంత త్వరగా కూలిస్తే ఆ భాగాన్ని అంత తక్కువగా వింటారు. తడబడేవారు దాన్ని పదేపదే వినవలసి వస్తుంది. సంగీతం మీద మక్కువతో దెబ్బ కొట్టకుండా ఆగి వినేవారు కూడా ఉంటారని ఊహించడం కష్టం కాదు, కానీ ఎదుటివాడు ఆ మర్యాద పాటించడు.

మూడేళ్ల తరువాత, 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఏడవ ఆటలో సెఫిరోత్ అనే ప్రతినాయకుడికి ఉయెమత్సు కూర్చిన వన్ వింగ్డ్ ఏంజెల్ అంతకన్నా ప్రసిద్ధి పొందింది. ఆ ఆటల వరుసలో మానవ కంఠాల బృందగానం వినిపించిన తొలి రచన అదే. లాటిన్ సాహిత్యంలో చాలా భాగం మధ్యయుగపు కార్మినా బురానా సంకలనం నుంచి తీసుకున్నది. తోచిన చిన్న చిన్న సంగీత వాక్యాలను దేనికదిగా రాసుకుంటూ పోయి, ఆ తరువాత వాటి వరుసను నిర్ణయించి అతికానని స్వరకర్తే చెప్పుకున్నాడు; స్ట్రావిన్‌స్కీ రచనల ప్రభావాన్నీ దాచుకోలేదు. ఆ పద్ధతిని అలసత్వంగా కొట్టివేయడం తేలిక. ఏ క్షణాన తెగిపోతుందో తెలియని రచనకు, ఎక్కడ తెగినా అంతవరకు విన్నది అసంపూర్ణంగా తోచని నిర్మాణం కావాలి గనక, ప్రతి ముక్కా తనంతట తాను నిలబడగలిగే ఈ అతుకుల పద్ధతి ఆ పనికి సరిగ్గా సరిపోయిందని చెప్పడమే న్యాయం.

లూప్ తరువాతి ఉపాయాలు రెండు. పాటను అడ్డంగా ముక్కలు చేసి ఆట నడకను బట్టి ఒక ముక్క నుంచి మరొక ముక్కకు దూకడం ఒకటి. ఒకే లయలో, ఒకే శ్రుతిలో ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలుగా రాసి, సందర్భాన్ని బట్టి ఒక్కొక్క పొరను తెరవడం, మూయడం రెండోది. మొదటిదానికి బాట వేసినవారిలో అమెరికాలో లూకాస్ ఆర్ట్స్ సంస్థకు చెందిన మైకేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ ముఖ్యులు. 1991లో వచ్చిన మంకీ ఐలండ్ రెండవ ఆటలో వారి ఐమ్యూజ్ వ్యవస్థ దృశ్యం మారినప్పుడు పాటను నడిమధ్యలో తెంచకుండా, వీలైన చోటు వచ్చేదాకా ఆగి అక్కడి నుంచి కొత్త వరుసకు మళ్లించింది. ఆ ఆగడంలోనే బాస్ యుద్ధపు ఇబ్బంది అంతా ఉంది. నిమిషానికి 120 లెక్కల వేగంతో నాలుగేసి లెక్కల ఆవర్తనంలో నడిచే పాటలో ఒక ఆవర్తనం రెండు సెకన్లు. శత్రువు రూపం మార్చుకున్న క్షణానికీ సంగీతం మారిన క్షణానికీ మధ్య రెండు సెకన్లు ఎడమైతే ఆ దెబ్బ బిగువు సడలిపోతుంది. అందుకని స్వరకర్తలు స్టింగర్ అనే చిన్న పలుకును, అంటే తాళం ఎక్కడున్నా పైన వచ్చి పడగల ఒక్క మోతను రాసిపెట్టుకుంటారు. ఆట రూపకర్తలు కూడా ఆ సమయానికి శత్రువు చేత ఒక గర్జన చేయించి అతుకు కనబడకుండా చూస్తారు. బాసులు రూపం మార్చే ముందు అంతసేపు ఒళ్లు విరుచుకుని అరవడానికి ఇదీ ఒక కారణమే.

పొరల పద్ధతికి 2013లో ప్లాటినం గేమ్స్ రూపొందించిన మెటల్ గేర్ రైజింగ్ మంచి ఉదాహరణ. జేమీ క్రిస్టఫర్సన్ సారథ్యంలో సిద్ధమైన హెవీ మెటల్ పాటలు ఆ ఆటలో చాలాసేపు వాద్యాలతోనే నడుస్తాయి, పోరాటం పతాక స్థాయికి చేరగానే ఒక్కసారిగా గాత్రం అందుకుంటుంది; ఆ గాత్రం పలికేది బాస్ మనసులోని వాదననే. ఆడేవారు కష్టపడి సంపాదించుకున్నది ఒక కంఠస్వరం కావడం చక్కని ఊహ, ఆ పాటల్లోని మాటలు ఎంత మోటుగా ఉన్నా సరే. 2017లో వచ్చిన నియర్ ఆటోమేటాలో కెయిచి ఒకాబే బృందం ఇదే పొరల పద్ధతిని మరింత సున్నితంగా వాడింది. ఒకే వరుసకు నెమ్మదైన రూపం, ఉద్ధృతమైన రూపం, గాత్రం ఉన్నదీ లేనిదీ సిద్ధం చేసి ఉంచడమే కాక, ఆడేవారు శత్రువు యంత్రంలోకి చొరబడిన క్షణాన అదే వరుస పాతకాలపు గేమ్ యంత్రాల పీలగొంతుతో వినిపించేటట్టు కూడా ఏర్పాటు చేసింది.

ఇంతకూ ఓడినప్పుడు సంగీతాన్ని ఏం చేయాలన్నది మిగిలే ఉంది. డానీ బరనోవ్‌స్కీ సంగీతం కూర్చిన సూపర్ మీట్ బాయ్ (2010) ఆటలో పాత్ర ఎన్నిసార్లు నుజ్జయినా పాట ఆగదు, మొదటికి రాదు. ఓటమికి సంగీతంలో గుర్తింపే లేనందువల్ల దాని అవమానమూ సగానికి తగ్గుతుంది. మళ్లీ మొదటి స్వరం నుంచి ఎత్తుకునే ఆటల్లో ప్రతి ఓటమీ ఒక ముగింపులానే ఉంటుంది. ఇక ఇంచుమించు బాస్ యుద్ధాలతోనే నిండిన కెనడా ఆట కప్‌హెడ్ (2017) కోసం క్రిస్టఫర్ మాడిగన్ రౌద్రం జోలికే పోకుండా, 1930ల నాటి కార్టూన్ చిత్రాల రూపానికి తగినట్టు హుషారైన జాజ్ బ్యాండు సంగీతాన్ని వాద్యకారుల చేత వాయించి రికార్డు చేయించాడు. చేయి తిరిగినవారినీ ముప్పుతిప్పలు పెట్టే ఆ యుద్ధాల వెనుక ట్రంపెట్లు నవ్వుతూ ఉంటే, ఓడినవారికి అది ప్రోత్సాహంగా వినిపిస్తుందో ఎగతాళిగా వినిపిస్తుందో వారి ఆనాటి మనఃస్థితిని బట్టి ఉంటుంది.

బాస్ సంగీతపు బలంలో సగం దానికి ముందున్న నిశ్శబ్దానిదే. ఫుమితో ఉయెదా దర్శకత్వంలో 2005లో వచ్చిన షాడో ఆఫ్ ది కొలోసస్‌లో మామూలు శత్రువులు లేరు. ఉన్నవి 16 మహాకాయాలు. వాటిని వెతుకుతూ గుర్రం మీద తిరిగినంతసేపూ గాలి, గిట్టల చప్పుడు తప్ప సంగీతం ఉండదు. కౌ ఒతాని సంగీతం మహాకాయం ఎదురైనప్పుడు మొదలై, దాని ఒంటి మీదికి ఎగబాకడానికి దారి దొరికినప్పుడు వీరరసంలోకి మళ్లుతుంది. ఇంతవరకూ పద్ధతి ప్రకారమే ఉంది గానీ, అది కూలినప్పుడు విజయగీతం రావలసిన చోట శోకగీతం వస్తుంది. పోరాటంలో వీరరసాన్ని నమ్మించిన సంగీతమే పోరాటం ముగియగానే ఆడేవారిని దోషిలా నిలబెడుతుంది. చచ్చినదాని తప్పేమీ లేదన్న అనుమానం కథ బయటపెట్టక ముందే చెవికి చేరుతుంది.

ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది 2011 నాటి డార్క్ సోల్స్. హిదెతకా మియజాకి దర్శకత్వంలో ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ రూపొందించిన ఈ ఆటలో కూడా ఎక్కువ ప్రాంతాలు సంగీతం లేనివే. తెల్లని మంచు తెరను దాటి లోపలికి అడుగు పెట్టినప్పుడు ఒక్కసారిగా లేచే వాద్యబృందపు హోరే బాస్ వచ్చాడనడానికి గుర్తు. స్వరకర్త మొతోయ్ సకురాబా గంభీరమైన, ఉద్రేకమైన రచనలకు పేరుపడినవాడు. ఆట పొడవునా అటువంటివే వినిపిస్తాడు. చివరికి మిగిలినవాడు గ్విన్, ఒకప్పటి దేవతల రాజు, ఆరిపోతున్న మంటను నిలపడానికి తననే ఆహుతి చేసుకుని బూడిదలో మిగిలిపోయినవాడు. లెక్క ప్రకారం ఆటలోకెల్లా పెద్ద హోరు అతనికి దక్కాలి. అతనికి దక్కింది నెమ్మదిగా, అలసటగా నడిచే పియానో. ఆర్భాటమైన డ్రమ్ములు లేవు, బృందగానం లేదు. అయితే గ్విన్ నెమ్మదైన శత్రువు కాడు. మండే కత్తితో ఊపిరి తీసుకోనివ్వకుండా మీద పడతాడు. కంటికి కనిపించే వేగానికీ చెవికి వినిపించే మందగమనానికీ ఎక్కడా పొత్తు కుదరదు, కుదరకపోవడమే రచన ఉద్దేశం. ఆ కత్తిని ఆడిస్తున్నది పాత అలవాటు మాత్రమేననీ లోపలి మనిషి ఎన్నడో ముగిసిపోయాడనీ పియానో చెబుతుంది, ఆడేవారికి ఆ మాట ఆలకించేంత తీరిక ఉండదు. ఓడి మళ్లీ వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా వినబడి, చివరికి గెలిచే వేళకు గెలవాలన్న కసి సగం చల్లారిపోతుంది. పదే పదే వినవలసి రావడం అన్న ఇబ్బందిని ఇంత లోతుగా వాడుకున్న రచన ఈ రంగంలో మరొకటి చూపడం కష్టం. ఏ వాద్యబృందపు హోరైనా ఐదోసారికి అలవాటైపోతుంది. ఈ పియానో మాత్రం ఐదోసారికి గానీ అర్థం కాదు.

రెండు మూడు నిమిషాల లూపులతో సరిపెట్టుకునే ఆటలకు లోటు లేదు. వాటిలోని సంగీతం చాలావరకు సినిమా ట్రైలర్ల మోతను అనుకరిస్తుంది, ఒకదానికి బదులు మరొకటి వినిపించినా తేడా తెలియదు.

బాస్ యుద్ధ రచనలకు ఆట బయట మరొక జీవితం దొరికినప్పుడు పాత చిక్కు తిరగబడుతుంది. ఆల్బంలో చేర్చేటప్పుడు లూప్‌ను రెండు చుట్లు వినిపించి మెల్లగా శబ్దం తగ్గించి ముగించడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. అది ముగింపు కాదు, గది బయటికి నడిచి తలుపు వేయడం వంటిది. కచేరీ వేదిక మీద ఆ సదుపాయం కూడా ఉండదు, ఎందుకంటే వాద్యబృందం ఒకచోట ఆగి తీరాలి. 2007లో స్టాక్‌హోంలో మొదలై ఆర్నీ రోత్ నిర్వహణలో అనేక దేశాల్లో జరిగిన డిస్టెంట్ వరల్డ్స్ కచేరీల్లో ఫైనల్ ఫాంటసీ సంగీతం వినడానికి వచ్చినవారు వన్ వింగ్డ్ ఏంజెల్‌లో సెఫిరోత్ పేరు వచ్చినప్పుడు బృందంతో గొంతు కలుపుతారు, చివరి స్వరసమూహం ఘల్లుమనగానే లేచి చప్పట్లు కొడతారు. ప్లేస్టేషన్ మీద ఆ పాట ఏ స్వరం దగ్గర ఆగుతుందో నిర్ణయించింది ఆడేవారి ఆఖరి దెబ్బ. కాబట్టి కచేరీలో వినిపించే ఆ చివరి స్వరసమూహాన్ని వేదిక కోసం కొత్తగా రాసి చేర్చవలసి వచ్చింది.